పండుగ వంటలో దాగిన చరిత్ర: హైదరాబాద్ సిద్దీల నుంచి మన కొత్తల పండుగ దాకా

పోయిన ఎండాకాలం మొదట్లో మా ఊరికి వంట గంజులు కొనడానికి హైదరాబాద్ బేగంబజార్ వెళ్లాను. మాది భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం. పండుగనాడు ఊరంతా ఒకచోట వండుకునే పెద్ద గంజులు రెండూ చిల్లులు పడ్డాయి. ఇంటింటికీ చందా వేసుకుని, పట్నం దారి తెలిసినవాడినని ఆ డబ్బులు నా చేతిలో పెట్టారు. పట్నంలో నాకు తోడుగా ఒక పిల్లవాడు వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు అక్కడే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు.

బేగంబజార్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గిన్నెలు కిలోల లెక్కన తూచి అమ్మే గల్లీ ఒకటి, ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములు ఆగని గల్లీ ఒకటి, ఖర్జూరం, బాదం, పిస్తా బస్తాల మూతులు విప్పి పెట్టిన గల్లీ ఒకటి. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఈ జాగాను వ్యాపారులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజాం అలీఖాన్ ఏలింది 1762 నుంచి 1803 వరకు. అంటే రెండు వందల ఏళ్లకు పైగా ఈ గల్లీలు తెలంగాణ పల్లెల పెళ్లిళ్లకు, పండుగలకు సరుకు పంపుతూనే ఉన్నాయి.

గంజులు తూకం వేయించి, ఒకటి అతను భుజాన పెట్టుకుంటే ఇంకొకటి నేను పట్టుకుని మొజంజాహి మార్కెట్ వైపు నడిచాం. దారిలో దుకాణాల బోర్డుల మీద 'సిద్ది అంబర్ బజార్' అని కనబడింది. పిల్లవాడు చదివి, "ఎవరు సార్ ఈ సిద్ది అంబర్? రాజా? షావుకారా?" అని అడిగాడు. నేను నోరు తెరవలేకపోయాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నవాడిని. ఆ ఊరికి ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ఆ బోర్డు కింద నుంచే నడిచాను. ఆ సిగ్గుతో తరువాత చదివి, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

సిద్ది అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషి. అరబ్బీలో 'సయ్యిదీ', అంటే 'నా దొర' అనే మాట నుంచి ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. బానిసలుగా తెచ్చినవాళ్లకు దొర అనే పేరు నిలవడం విచిత్రం. హబ్షీ అనే మాట కూడా వింటాం. అబిసీనియాను, అంటే నేటి ఇథియోపియా ప్రాంతాన్ని అరబ్బులు హబష్ అన్నారు. అక్కడివాళ్లు హబ్షీలు. తరువాత తూర్పు ఆఫ్రికా నుంచి ఎవరు వచ్చినా మనదేశంలో హబ్షీలు, సిద్దీలు అన్నారు.

ఇక అంబర్. అది మనిషి పేరు కంటే ముందు సరుకు పేరు. సముద్రంలో తిమింగలం కడుపు నుంచి దొరికే సుగంధ ద్రవ్యం అంబర్. ఆఫ్రికా పిల్లలను కొన్న వ్యాపారులు వాళ్ల కన్నవాళ్లు పెట్టిన పేర్లు తీసేసి సరుకుల పేర్లు పెట్టేవారు. యాకూత్ అంటే కెంపు. కాఫూర్ అంటే కర్పూరం. మర్జాన్ అంటే పగడం. అల్మాస్ అంటే వజ్రం. అంగట్లో మనిషిని అమ్మి, అదే అంగట్లో అమ్మే వస్తువు పేరు ఆ మనిషికి పెట్టారు. అత్తరు, కర్పూరం అమ్మే బజారు పక్కనే అంబర్ అనే పేరు బోర్డు మీద నిలిచి ఉండటం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒక రకంగా ఉంటుంది.

ఆ పేరుగల వారిలో చరిత్రకెక్కినవాడు మలిక్ అంబర్. బేగంబజార్ పక్క గల్లీ పేరులోని అంబర్‌ను ఆయనతో కలపకండి, ఆ పేరు చాలామందికి ఉండేది. మలిక్ అంబర్ 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. చిన్నతనంలోనే అమ్ముడుపోయి, చేతులు మారి మారి దక్కనుకు చేరాడు. అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యానికి ప్రధాని అయ్యాడు. గుర్రపు దండుతో మెరుపుదాడులు చేసి జహంగీర్ సేనలను ముప్పుతిప్పలు పెట్టాడు. నేటి ఔరంగాబాద్‌కు మొదట ఖడ్కీ అనే పేరుతో పునాది వేసి, భూమి కింద కాలువలతో నీళ్లు పారించాడు. 1626లో చనిపోయాడు. పుస్తకాల్లో ఆయన గురించి నాలుగు మాటలైనా దొరుకుతాయి. ఆయనతో పాటు అదే ఓడల్లో వచ్చి గుర్రాలు మేపినవాళ్లు, కోటల కాపలా కాసినవాళ్లు, వంటశాలల్లో పొయ్యి ఊదినవాళ్ల గురించి ఏం దొరుకుతుంది?

వాళ్ల మనవలు, మునిమనవలు ఎక్కడో లేరు. మన రాజధానిలోనే ఉన్నారు. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఏసీ అంటే ఏదో చల్లని మిషను కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా అశ్విక రక్షక దళం. నిజాం అంగరక్షకులుగా ఉన్న సిద్దీ రౌతుల నివాసం అది. వనపర్తి సంస్థానాధీశుడు మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా మనుషులతో ఒక దళాన్ని పెంచాడని, పంతొమ్మిదో శతాబ్దంలో అది నిజాం సేనలో చేరిందని చెబుతారు. ఊరేగింపుల్లో గుర్రాల మీద వాళ్లు ముందు నడిచేవారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయింది. దళమూ పోయింది. గుర్రాలు పోయాయి, యూనిఫారాలు పోయాయి, మనుషులు మాత్రం అక్కడే మిగిలిపోయారు. చిన్నా చితకా పనుల్లో కుదురుకున్నారు.

వాళ్లు పోగొట్టుకోకుండా తెచ్చుకున్నదాంట్లో ఒకటి మర్ఫా. హైదరాబాద్ పెళ్లి బరాత్‌లో డప్పుల మీద కర్రలు ఆడించే ఆ వాద్యం మీరు వినే ఉంటారు. సిద్దీలూ, యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులూ కలిసి దాన్ని నిలబెట్టారు. అందులో స్టీలు బిందె కూడా ఒక వాద్యమే. ఇంట్లో నీళ్లు మోసే బిందె పండుగనాడు మోగుతుంది. డోలు, కొమ్ము వాయించే మనకు ఇది వింతగా అనిపించదు.

వంట సంగతికి వస్తే, సిద్దీల ఇళ్లలో రంజాన్ పండుగ పొద్దున హైదరాబాద్ ముస్లింలందరి ఇళ్లలాగే షీర్ ఖుర్మా కాస్తారు. పాలు, సేమ్యా, ఖర్జూరం, బాదం, పిస్తా. ఆ సరుకు కోసం పండుగ ముందు రాత్రుల్లో బేగంబజార్ ఎండుఫలాల గల్లీల్లో అడుగు పెట్టే సందు ఉండదు. అందులో ఇంకొక పప్పు కూడా వేస్తారు, చిరోంజీ. అది మనకు బాగా తెలిసిన సారపప్పే. ఎండాకాలం తెల్లవారుజామున అడవికి పోయి సారపండ్లు ఏరి, నానబెట్టి, తొక్క తీసి, ఎండబెట్టి, విసుర్రాయిలో మెల్లగా పగలగొట్టి పప్పు తీసేది మన ఆడవాళ్లు. గిరిజన సహకార సంస్థకు కొంత అమ్ముతాం, సంతలో షావుకారుకు కొంత అమ్ముతాం. ఎన్నో చేతులు మారి అలాంటి పప్పే బేగంబజార్ తక్కెడలోకి, అక్కడి నుంచి పండుగ గిన్నెలోకి చేరుతుంది. మా అమ్మ ఆ పప్పును ఎప్పుడూ పాయసంలో వేసి ఎరుగదు. అంత ధర పలికేది ఇంట్లో మిగిలేది కాదు.

బక్రీదుకు కోసిన మాంసాన్ని మూడు పాళ్లు చేసే ఆచారం ఉంది. ఒక పాలు ఇంటికి, ఒకటి చుట్టాలకూ స్నేహితులకూ, ఒకటి లేనివాళ్లకు. ఇది చదివినప్పుడు మా ఊరి వేట పాళ్లు గుర్తొచ్చాయి. వేటలో పడ్డదాన్ని మోదుగాకుల మీద కుప్పలు పెట్టేవారు. కొట్టినవాడికి ఒక భాగం ఎక్కువ. తక్కిన కుప్పలన్నీ సమానం. మగదిక్కులేని ముసలమ్మ ఇంటికి కూడా ఒక కుప్ప పోవాల్సిందే. కుప్పలు తక్కువ పడితే చిన్నవి చేసేవారు గాని ఇల్లు వదిలేవారు కాదు. ఆ మతం వేరు, మన ఆచారం వేరు. రెండూ ఒకటే అని నేను అనను. కాని పాళ్లు పెట్టే చేతికి రెండుచోట్లా ఒకే లెక్క తెలుసు.

ఇక్కడ బేగంబజార్ గింజల దుకాణం ముందు ఒకసారి ఆగాలి. జొన్నలు, సజ్జలు, రాగులు, బొబ్బర్లు, పక్కన చింతపండు. ఇవన్నీ మనవే, మన అడవి, మన పోడు అనుకుంటాం. నిజానికి జొన్న మొదట సాగైంది నేటి సూడాన్ వైపు. సజ్జ సహారా ఎడారి దక్షిణపు అంచున. రాగి, మన ఏజెన్సీలో చోడి అనేది, ఇథియోపియా, ఉగాండా ఎత్తు భూముల్లో. బొబ్బర్లు పశ్చిమ ఆఫ్రికాలో. గోంగూర జాతి మొక్కల పుట్టిల్లూ, చింతచెట్టు పుట్టిల్లూ అటువైపే. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటనుంచి ఈ గింజలు మన నేలలో పండుతున్నాయి. ఆ గింజలు తెచ్చింది బానిసలు కాదు, ఆ వ్యాపారం అప్పటికి లేదు. సముద్రం అంచు వెంబడి తిరిగిన పడవలవాళ్లు, చేతులు మారిన విత్తనాలు. అరకు మన్యంలో మన వాళ్లు పెంచే కాఫీ మొక్క కూడా ఇథియోపియా అడవి బిడ్డే, కాకపోతే అది చాలా ఆలస్యంగా వచ్చింది.

చిన్నప్పుడు నేను చదివిన హాస్టల్లో 'జొన్న జావ గాడు' అని నన్ను ఏడిపించేవారు. సెలవులకు ఇంటికి పోతే జొన్నగటక వద్దు, వరి అన్నమే కావాలని మా అమ్మను సతాయించాను. ఆ గింజ రెండు ఖండాలను పోషించిందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

బొబ్బర్ల కథ ఇంకా పెద్దది. పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా ప్రజలు బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నూనెలో వేసి గారెలు చేస్తారు. దాని పేరు అకరా. ఆ జనాన్ని ఓడల్లో కుక్కి బ్రెజిల్ చెరకుతోటలకు తీసుకుపోయారు. అక్కడి బయ్యా రాష్ట్రంలో ఇప్పటికీ తెల్లని గౌన్లు, తలపాగాలు కట్టిన నల్లజాతి స్త్రీలు వీధి మలుపుల్లో తాటి జాతి చెట్టు నూనెలో అవే గారెలు కాలుస్తారు. అక్కడ దాని పేరు అకరజే. అది వాళ్ల దేవత ఇయన్సాకు పెట్టే నైవేద్యం కూడా. ఆ స్త్రీల వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం జాతీయ వారసత్వంగా గుర్తించింది. ఉత్తర అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం మొదటి రోజున నల్లజాతివారు బొబ్బర్లూ బియ్యమూ కలిపి వండుకుంటారు. ఆ రోజు అది తింటే ఏడాదంతా కలిసి వస్తుందని నమ్మకం. మన బొబ్బర్ల గారె, వాళ్ల అకరా పక్కపక్కన పెడితే వేరు పట్టడం కష్టం.

గోంగూర జాతి ఎర్ర కాయల రేకులు మరగబెట్టి సెనెగల్‌లో పానకం చేస్తారు. సముద్రం దాటి జమైకాకు పోయి అదే క్రిస్మస్ పానకం అయింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు బానిసలకు విడుదల కబురు అందింది 1865 జూన్ 19న. లింకన్ ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్లకు! ఆ రోజును జూన్‌టీన్త్ అని పండుగ చేసుకుంటారు. ఆనాడు ఎర్రని పానకాలు, ఎర్రని పుచ్చకాయ తినడం ఆచారం. 2021 నుంచి అది అమెరికా దేశమంతటికీ సెలవుదినం.

హైతీ గురించి మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఫ్రెంచివాళ్ల కాలంలో ఆ ద్వీపంలో బానిసలు తోటల్లో గుమ్మడికాయ పండించి, దొరల కోసం మాంసంతో గుమ్మడి పులుసు కాచేవారు. వండేది వాళ్లే, తినే హక్కు మాత్రం వాళ్లకు లేదు. పన్నెండేళ్లకు పైగా పోరాడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని కూడా ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. అప్పటినుంచి ఏటా జనవరి 1న హైతీ ప్రజలు, ఏ దేశంలో ఉన్నా, ఆ గుమ్మడి పులుసు కాచుకుని ఇరుగుపొరుగుకు పంచుతారు. దాన్ని సూప్ జూమూ అంటారు. 2021లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక ముద్దను ఎవరు తినవచ్చు, ఎప్పుడు తినవచ్చు అన్నది ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్క గిన్నె చెబుతుంది.

ఇక క్వాంజా. ఇది పాత పండుగ కాదు. 1965లో లాస్ ఏంజిలెస్ నగరం వాట్స్ ప్రాంతంలో నల్లజాతివారి తిరుగుబాటు చెలరేగి ముప్పైమందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడు, 1966లో, మౌలానా కరెంగా అనే అధ్యాపకుడు ఈ పండుగను రూపొందించాడు. డిసెంబరు 26 నుంచి జనవరి 1 వరకు ఏడు రోజులు. రోజుకొక దీపం, రోజుకొక విలువ: ఐక్యత, స్వయం నిర్ణయం, కలిసి చేసే పని, కలిసి నడిపే ఆర్థికం, లక్ష్యం, సృజన, నమ్మకం. చాప మీద పంట పెడతారు, ఇంట్లో ఎందరు పిల్లలో అన్ని మొక్కజొన్న కంకులు పెడతారు. డిసెంబరు 31న కరాము, అంటే అందరి విందు. తలా ఒక కూర తెస్తారు. పెద్దల పేర్లు తలుచుకుని ఒకే గిన్నెలోంచి తాగుతారు. కరెంగా తరువాత స్త్రీల మీద దాడి చేసిన కేసులో శిక్షపడి జైలుకు పోయాడు. పండుగ గురించి చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదు. పండుగ మాత్రం ఆయన సొత్తుగా మిగిలిపోలేదు. లక్షల కుటుంబాలు దాన్ని తమది చేసుకున్నాయి.

క్వాంజా అనే మాట స్వాహిలీ భాషలో 'మొదటి పంట పండ్లు' అనే మాటలోంచి తీసుకున్నది. ఏడు విలువల పేర్లూ స్వాహిలీలోనే ఉన్నాయి. ఉమోజా, ఉజిమా, ఉజమా ఇలా. అయితే అమెరికా నల్లజాతివారి పూర్వీకుల్లో ఎక్కువమంది పశ్చిమ ఆఫ్రికా నుంచి, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. స్వాహిలీ తూర్పు తీరం భాష. జంజిబార్ వైపునుంచి హిందూ మహాసముద్రం దాటి మనదేశానికి వచ్చిన సిద్దీల ముత్తాతల్లో ఎందరికో అది నోటి భాష అయి ఉండాలి. పుస్తకంలో వెతుక్కుని అమెరికాలో ఆ మాటలు నేర్చుకున్నారు. ఆ మాటలకు దగ్గరి వారసులు మాసబ్‌ట్యాంక్‌లో ఉర్దూ మాట్లాడుతున్నారు.

అది కల్పించిన పండుగ కదా, అసలైనది ఎట్లా అవుతుంది అని కొందరు అంటారు. మనం ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేసుకుంటాం. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన రోజు అది. మా తాత దాన్ని ఎరగడు. ఇప్పుడు ఆ రోజు మా గూడేల్లో కొమ్ములు కట్టి, డోలు వాయించి, ఊరంతా కలిసి వండుకుంటున్నాం. పదేళ్లు పోతే మన పిల్లలకు అది తాతల నాటి పండుగే.

మొదటి పంట పండుగ అంటే మనకు ఒకరు విడమరిచి చెప్పాలా? మా కోయల్లో చిక్కుడు కొత్త, మామిడి కొత్త, ధాన్యం కొత్త ఉన్నాయి. మన్యంలో సామ కొత్త, కంది కొత్త చేస్తారు. ఆదిలాబాద్ గోండులు నోవోన్ అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. కొత్త పంటను మొదట వేల్పులకు, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. పూజారి రోజు పెట్టాలి. ఊరంతా ఒకేనాడు తినాలి. అప్పటిదాకా చెట్టున కాయ పండి రాలినా ముట్టకూడదు. దీనికి భక్తి ఒక్కటే కారణం కాదని నాకు అనిపిస్తుంది. ముందు పండినవాడు ముందు తినేసి, ఆలస్యంగా పండినవాడు చూస్తూ ఉండటం ఉండదు. కాయ ముదిరేదాకా చెట్టు దక్కుతుంది, విత్తనం దక్కుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర వండారు. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు కూర పక్కకు నెట్టి ఉత్త అన్నం తింటున్నాడు. ఎందుకురా అంటే, "ఇంటికాడ ఇంకా చిక్కుడు కొత్త పెట్టలే సార్" అన్నాడు. వడ్డించేవాళ్లు నవ్వారు. నేను ఏం అనాలి? నేనూ కోయవాడినే. నాకు తెలియనిది కాదు. అయినా, "ఇది మీ ఊరు కాదురా, తిను" అన్నాను. వాడు తిన్నాడు. తల వంచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కూరంతా తిన్నాడు. ఆ రోజు నేను గెలిచానని కూడా అనుకున్నాను.

'ఇది మీ ఊరు కాదు' అనే ఆ మాట నా ఒక్కడిదే కాదు, ప్రభుత్వ కాగితాల్లో కూడా ఉంది. 1965లో లోకూర్ కమిటీ ఎవరిని షెడ్యూల్డ్ తెగగా గుర్తించాలో ఐదు గుర్తులు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటు. దగ్గర దగ్గర అరవై ఏళ్లు దాటినా అవే గుర్తులు పట్టుకుని వేలాడుతున్నాం. వాటితో సిద్దీలను చూడండి. గుజరాత్‌లో సౌరాష్ట్ర జిల్లాల సిద్దీలు ఎస్టీలు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉన్న సిద్దీలను 2003లో ఎస్టీలుగా గుర్తించారు. తరువాత బెళగావి, ధార్వాడ జిల్లాలను కూడా కలిపారు. మన దగ్గర 2007లో చేసిన చట్టంలో వాళ్లు 'సిద్ది, యాబ, హబ్షి, జసి' అనే పేర్లతో బీసీ-ఈ జాబితాలో ఉన్నారు. ఒకే సముద్రం దాటి వచ్చినవాళ్లు. అడవిలోకి పారిపోయి బతికినవాళ్లు తెగ అయ్యారు. గుర్రమెక్కించి పట్నంలో కాపలా పెట్టినవాళ్లు కాలేదు.

హైదరాబాద్ సిద్దీలను ఎస్టీల్లో చేర్చాలని గాని, వద్దని గాని వాదించడానికి ఇది రాయడం లేదు. అది వాళ్లు అడగాలి, తేల్చుకోవాలి. జాబితాల మాట ఎత్తితే మన మధ్యనే ఎన్ని గొడవలున్నాయో నాకు తెలుసు. లంబాడాలు ఇక్కడ ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు. నన్ను పట్టి పీడించేది వేరే సంగతి. అడవి నుంచి బయటికి వచ్చినవాడి సంస్కృతి లెక్కలోకి రాదని ఆ గుర్తులు చెబుతున్నాయి. మన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? హైదరాబాద్ హాస్టళ్లలో, వరంగల్ కోచింగ్ సెంటర్లలో, భవనాల కూలిలో ఉన్నారు.

ఉత్తర కన్నడ సిద్దీల్లో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. కన్నడం, కొంకణి, ఉర్దూ మాట్లాడతారు. ఆఫ్రికా భాష పోయింది, పాత పేర్లు పోయాయి. అయినా ఇంట్లో హిరియారు, అంటే చనిపోయిన పెద్దల పూజ ఉంది. వాళ్లను తలుచుకుని నైవేద్యం పెడతారు. దమామి అనే డోలు పట్టుకుంటే మతం అడ్డం రాదు. 2020లో ఆ జనం నుంచి శాంతారామ్ సిద్ది కర్ణాటక శాసనమండలికి నామినేట్ అయ్యారు. చట్టసభలో అడుగుపెట్టిన మొదటి సిద్ది ఆయనే. భాష పోయినచోట కూడా పెద్దలకు ముద్ద పెట్టడం మిగిలింది. ఇది చదివి నేను మన గురించి కొంచెం ధైర్యపడ్డాను, కొంచెం భయపడ్డాను కూడా. మన భాష ఇంకా ఉంది. ముద్ద పెట్టే రోజుకు మాత్రం పిల్లలు ఇంట్లో ఉండటం లేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. మన ఆశ్రమ పాఠశాలల్లో కూరగాయల జాబితా, సెలవుల జాబితా రెండూ పైనుంచి వస్తాయి. వాటిని మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. మన బడి పిల్లల ఊళ్లలో ఏ కొత్త ఏ నెలలో పెడతారో ఒక కాగితం మీద రాసి వంటగదిలో అతికించడం మన చేతిలో ఉంది. నేను ఆ పని రెండేళ్ల కిందట మొదలుపెట్టాను. మా బడికి పదకొండు ఊళ్ల పిల్లలు వస్తారు. పదకొండు ఊళ్ల తేదీలు ఒకటి కావు. చిక్కుడు వండినరోజు ఇంకా కొత్త పెట్టని ఊరి పిల్లలకు పప్పు పెడుతున్నాం. వంటవాళ్లు మొదట విసుక్కున్నారు. వంటమ్మల్లో ఒకామె మాత్రం, "మా అత్తగారింట్లో గూడ ఇట్లనే ఉండె సారూ" అని తన ఊరి పేరు కూడా ఆ కాగితం మీద రాయించింది.

బేగంబజార్ సంగతి మధ్యలో వదిలేశాను. సిద్ది అంబర్ బజారు దాటి మొజంజాహి మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. గంజులు కింద దించి గోడ నీడన కూర్చున్నాం. ఎదురుగా బండి మీద మామిడిపండ్లు, పచ్చగా, వాసన కొడుతున్నాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కిలో తూచమని నేను జేబులో చెయ్యి పెట్టాను. పిల్లవాడు నా వంక చూసి, "ఊళ్లో మామిడి కొత్త పెట్టిన్రా సార్?" అన్నాడు.

ఇంకా పెట్టలేదు. ఆ కొత్తకే ఈ గంజులు.

వాడు వేరే ఎవరో కాదు, ఆ రోజు చిక్కుడు కూర తిన్న పిల్లవాడే. పండ్లవాడికి వద్దని చెప్పి, ఇద్దరం చెరో గ్లాసు చెరకురసం తాగాం. ఆటోలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు పోయి భద్రాచలం బస్సు పైకి గంజులు ఎక్కించాం. వాడే తాడుతో కట్టాడు.